ఓ తల్లి దాచిన విమానాలు

ఆముదం వాసన ఇప్పటి పిల్లలకు తెలుసో లేదోగానీ మన తరం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఏ ఆదివారం పొద్దున్నో పరగడుపున కాళ్ళ మధ్య ఇరికించుకుని, ముక్కు మూసి గొంతులో పోసేవారు మన అమ్మమ్మలు. ఆ ఆముదం వాసన ఆకాశంలోంచి వస్తుందంటే నమ్ముతారా? నమ్మాలి మరి! ఇంగ్లండులో ఓల్డ్ వార్డెన్ అని ఒక పల్లెటూరు ఉంది. అక్కడ వేసవిలో కొన్ని రోజులు వందేళ్ళ కిందటి విమానాలు నెత్తిమీద నుంచి ఎగురుతూ వెళ్తాయి. వెళ్ళిన కాసేపటికి గాలిలో సన్నగా, కాగిన ఆముదం వాసన.

విమానాల ప్రదర్శన మనకెందుకు, అది మగపిల్లల సరదా కదా అని పేజీ తిప్పెయ్యకండి. నేను వెళ్ళింది కూడా మనవడికి తోడుగానే. మా అమ్మాయీ అల్లుడూ ఉండేది ఆ దగ్గర్లోనే, బెడ్‌ఫర్డ్ పట్నంలో. తీరా వెళ్ళాక విమానాలు ఒక ఎత్తు, వాటిని దాచిపెట్టిన ఆవిడ కథ ఒక ఎత్తు అనిపించింది. అందుకే ఇదంతా మీకు చెప్పాలనిపించింది.

ముందు ఊరి సంగతి. లండన్ నుంచి ఉత్తరంగా రైలెక్కితే గంటలోపే బిగిల్స్‌వేడ్ అనే చిన్న స్టేషను వస్తుంది. అక్కడినుంచి కారులో నాలుగడుగులు. ఇరుపక్కలా పొదల కంచెలు, గోధుమ చేలు, గడ్డి కప్పిన ఇళ్ళు. అవును, మన పూరిళ్ళలాగానే గడ్డి కప్పులు! కాకపోతే అంచులు కత్తిరించిన జుట్టులా నున్నగా ఉంటాయి. విమానాశ్రయం అంటే శంషాబాదులాంటిది ఊహించుకోకండి. ఇక్కడ రన్‌వే మొత్తం పచ్చగడ్డే. పక్కన వరసగా రేకుల షెడ్లు. వాటి వెనకాల చెట్ల చాటున స్విస్ గార్డెన్ అని దాదాపు రెండొందల ఏళ్ళ నాటి తోట, అందులో తిరుగాడే నెమళ్ళు. ఇంజన్ మోత వినబడగానే అవి కూడా పోటీగా అరుస్తాయి. ఈ మొత్తానికి షటిల్‌వర్త్ కలెక్షన్ అని పేరు.

ఆ పేరు వెనకాల ఉన్న తల్లి డొరోతీ క్లోటిల్డా షటిల్‌వర్త్. ఆవిడ ఆ ఊరి చర్చి పాస్టరుగారి అమ్మాయి. 1902లో ఆ ఊరి పెద్ద ఎస్టేటు యజమాని కల్నల్ ఫ్రాంక్ షటిల్‌వర్త్‌ని పెళ్ళాడింది. ఇద్దరికీ వయసులో ముప్పై ఏళ్ళకు పైనే తేడా. వాళ్ళది ఆవిరియంత్రాలూ, పంట నూర్చే యంత్రాలూ తయారుచేసిన కుటుంబం, బాగా కలిగినవాళ్ళు. 1909లో ఒక్కగానొక్క కొడుకు పుట్టాడు, రిచర్డ్ అని పేరు పెట్టుకున్నారు. పిల్లాడికి నాలుగేళ్ళు నిండాయో లేదో, 1913లో భర్త పోయాడు. ఇక ఆ పెద్ద భవంతిలో తల్లీ కొడుకూ మిగిలారు.

మరి ఆ కొడుకు కుదురుగా ఉన్నాడా? 23వ ఏట, 1932లో ఆస్తి చేతికి రాగానే అతగాడు మాత్ అనే రెండు సీట్ల చిన్న విమానం కొన్నాడు. మరుసటి ఏడు ఢిల్లీలో వైస్రాయి కప్పు విమాన పందెం జరిగితే, ఒక్కరే పట్టే బుల్లి విమానంలో ఇంగ్లండు నుంచి మనదేశం దాకా ఎగురుకుంటూ వచ్చాడు. కార్ల పందేలు సరేసరి. 1935లో డోనింగ్టన్ గ్రాండ్ ప్రీ గెలిచాడు. 1936 జనవరిలో దక్షిణాఫ్రికాలో పందెం కారు బోల్తాపడి తలకు పెద్ద దెబ్బ తగిలి చావు అంచుదాకా వెళ్ళివచ్చాడు. ఇంటి దగ్గర ఆ కబురు అందుకున్న తల్లి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా?

ఈ పందేలతో పాటు అతనికి ఇంకో పిచ్చి ఉండేది. పాతబడి, విరిగి, మూలన పడేసిన విమానాలను వెదికి తెచ్చి బాగుచేసుకోవటం. 1909 నాటి బ్లెరియో విమానం ఒకటి అలాగే 1935లో దొరికింది. 1912 నాటి బ్లాక్‌బర్న్ అనే విమానమైతే, చెప్తే నవ్వుతారు, 1937లో గడ్డివాము కింద దొరికింది! మన ఊళ్ళో గడ్డివాములో పిల్లి పిల్లల్ని పెట్టినట్టు, ఎవరో విమానాన్ని పెట్టి మరిచిపోయారన్నమాట.

అంతలో యుద్ధం వచ్చింది. రిచర్డ్ వైమానిక దళంలో చేరాడు. 1940 ఆగస్టు 2న రాత్రిపూట శిక్షణలో అతను నడుపుతున్న విమానం కొండకు తగిలి కూలిపోయింది. అప్పటికతని వయసు 31.

ఇప్పుడు మీరు ఆవిడ స్థానంలో ఉండి ఆలోచించండి. భర్త లేడు, ఉన్న ఒక్క కొడుకూ విమానంలోనే పోయాడు. షెడ్డులో వాడు పోగేసుకున్న పాత విమానాలు వరసగా నిలబడి ఉన్నాయి. మనలో చాలామందిమి ఏం చేస్తాం? ఆ సామాను కంటబడకుండా ఏ పాతసామాన్లవాడికో తూకానికి ఇచ్చేస్తాం. లేదా గది తాళంవేసి తాళంచెవి కొంగున కట్టుకుంటాం. రెండూ తప్పు కాదు.

ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు. యుద్ధం నడుస్తుండగానే తన భవంతిని రెడ్‌క్రాస్ వాళ్ళకిచ్చి, దెబ్బలు తగిలిన వైమానికులు కోలుకునే ఆసుపత్రిగా మార్చింది. 1944లో ఆస్తినంతా కొడుకు పేరిట ట్రస్టుగా రాసింది. ఆ ట్రస్టు ఏం నేర్పాలో కూడా రాయించింది: వ్యవసాయం, అడవుల పెంపకం, వాటితోపాటు విమానయానం. కొడుకు ప్రాణం తీసిన విద్యనే పదిమందికీ నేర్పమని రాయటానికి చెయ్యి వణికిందో లేదో ఆవిడకే తెలియాలి. యుద్ధం ముగిశాక భవంతిలో వ్యవసాయ కళాశాల వెలిసింది. 1963లో విమానాల షెడ్లు జనానికి తెరిచారు. ఆవిడ 1968 దాకా బతికింది. అంటే కొడుకు బాగుచేసిన విమానాలను చూడటానికి పిల్లల్ని వెంటబెట్టుకుని జనం వరసగా రావటం ఆవిడ కళ్ళతో చూసిందన్నమాట.

ఇక ప్రదర్శన సంగతి. అక్కడ వాళ్ళు మన తిరనాళ్ళకు వచ్చినట్టే వస్తారండీ. కారు పక్కన మడత కుర్చీలు, దుప్పట్లు, ఫ్లాస్కులో టీ, డబ్బాల్లో శాండ్‌విచ్‌లు. మా అమ్మాయి పులిహోర, గారెలు తెచ్చింది. పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ గారె రుచి చూసి రెండోది కూడా అడిగి పుచ్చుకుంది. మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా ఒకదాని తర్వాత ఒకటి విమానాలు లేస్తాయి. ముందు ఏది, వెనక ఏది అన్నది కాగితం మీద రాసి ఉన్నా, అసలు యజమాని గాలి. రన్‌వే పక్కన కర్రకు గుడ్డగొట్టం కట్టి ఉంటుంది. అది ఉబ్బి అడ్డంగా లేచిందంటే ముసలి విమానాలు షెడ్డులోనే ఉండిపోతాయి. నేను మొదటిసారి వెళ్ళినరోజు అదే జరిగింది. గాలి ఎక్కువగా ఉంది, 1914కు ముందు విమానాలు ఇవాళ బయటికి రావు అని మైకులో చెప్పారు. ఒక్కరంటే ఒక్కరు విసుక్కోలేదు. ఇంట్లో ముసలాయనకు ఒంట్లో బాగాలేదు, రేపు రండి అంటే మనం ఊరుకోమూ? అలాగే.

అంత గాలికే భయమెందుకూ అంటే, ఆ విమానాలు చేసింది కర్రతో, గుడ్డతో, తీగలతో కాబట్టి. రెక్కల అస్థిపంజరం కొయ్య. దానిమీద ఐరిష్ నార బట్ట కప్పి, లోపలి కొయ్యకు మైనం పట్టించిన దారంతో కుట్లు వేస్తారు. ఆ పైన డోప్ అనే ఒకరకం వార్నీషు పూస్తారు. ఆరేకొద్దీ బట్ట బిగుసుకుని డప్పులా తయారవుతుంది. గంజిపెట్టి ఆరేసిన నూలుచీర ఫెళఫెళలాడుతుంది చూశారూ, అటువంటిదే ఇదీ. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్యాక్టరీలలో ఈ రెక్కల బట్టలు కుట్టినవాళ్ళలో ఎందరో ఆడవాళ్ళే. ఎగిరినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయిగానీ ఆ కుట్లు వేసిన చేతుల పేర్లు ఎక్కడా కనిపించవు. ఇప్పటికీ ఓల్డ్ వార్డెన్ షెడ్లలో ఆ పని చేత్తోనే జరుగుతుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ కుట్ల వరస మీద మనకు చెయ్యి వేయాలనిపిస్తుంది. వెయ్యకండి, ఒప్పుకోరు.

ఆముదం ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఆ కాలపు ఇంజన్లలో రోటరీ అని ఒక రకం ఉంది. మన పాత రుబ్బురోలులో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. ఇప్పటి వెట్ గ్రైండరులో గిన్నె తిరుగుతుంది, రాళ్ళు తాము ఉన్నచోటే ఉంటాయి. మామూలు ఇంజనుకూ రోటరీ ఇంజనుకూ తేడా సరిగ్గా అదే. రోటరీలో ముందున్న పంకాతోపాటు ఇంజను మొత్తం గిర్రున తిరుగుతుంది! దాని కడుపులోంచే పెట్రోలు పోవాలి కాబట్టి మామూలు నూనె పోస్తే పెట్రోల్లో కరిగిపోతుంది. ఆముదం కరగదు. అందుకని ఆముదం. అదైనా లోపల నిలవ ఉండదు. ఒకసారి తిరిగి పొగతోపాటు బయటికి చిమ్మేస్తుంది. వెనకాల కూర్చున్న పైలట్ల ముఖానికి, మెడగుడ్డకు, నోట్లోకి కూడా. అప్పటి పైలట్లకు కడుపు పాడవుతుండేదని చెప్పుకుంటారు. మనకు ఆశ్చర్యమేముంది? మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు మెట్టచేలల్లో పండే ఆముదాల పని ఏమిటో మన అమ్మమ్మలకు బాగా తెలుసు.

ఇంకో తమాషా. ఆ ఇంజన్లను మన స్కూటరులాగా నెమ్మదించటం కుదరదు. కిందికి దిగేటప్పుడు పైలటు మీట నొక్కి మంట ఆపుతాడు, వదులుతాడు, మళ్ళీ ఆపుతాడు. అందుకని అవి దిగుతుంటే ఇంజను బర్ర్... బర్ర్... మని ఆగి ఆగి మోగుతుంది. మా మనవడు అది విని, అమ్మమ్మా, దానికి ఎక్కిళ్ళు వస్తున్నాయి అన్నాడు.

అక్కడి విమానాలన్నిటి గురించీ చెప్పను, పేర్లు వింటే విసుగొస్తుంది. కొన్నిటి సంగతి మాత్రం చెప్పాలి. మొదటి యుద్ధం నాటి ఎస్.ఇ.5ఎ అనే విమానం, యుద్ధం అయ్యాక ఆకాశంలో పొగతో వ్యాపార ప్రకటనలు రాసి పొట్టపోసుకుంది. ఇంకొకటి 1930ల నాటి హాకర్ హైండ్. అది కాబూల్లో పడి ఉంటే అఫ్గాన్ వాళ్ళు ఇచ్చారు, 1970లో లారీమీద ఎక్కించి వేల మైళ్ళు రోడ్డుమార్గాన ఇంగ్లండుకు తెచ్చుకున్నారు. రిచర్డ్ ఢిల్లీ వచ్చిన పందెంలో రెండోదిగా నిలిచిన స్కార్లెట్ ఏంజెల్ అనే చిట్టి ఎర్రవిమానం అప్పట్లో అస్సాం వైపు ఒక టీ తోటల ఆసామిది. అదీ తిరిగి తిరిగి ఇక్కడికే చేరింది. పైగా రిచర్డ్ 1932లో కొన్న ఆ మొదటి మాత్ ఉందే, అది ఇప్పటికీ అక్కడే, ఆ గడ్డిమీదే ఉంది. అత్తారింటికి వచ్చిన కోడలు గడప దాటనట్టు!

కామెట్ అనే ఎర్రవిమానం ముందు మాత్రం నేను చాలాసేపు నిలబడ్డాను. 1934 అక్టోబరులో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ దాకా జరిగిన పందెంలో మూడు రోజులు తిరక్కుండానే చేరి గెలిచిన విమానం అదే. దారిలో తప్పనిసరిగా ఆగాల్సిన చోట్లలో మన అలహాబాదు ఒకటి. అటువంటిదే ఇంకో కామెట్‌లో ఆమీ జాన్సన్ అనే ఆవిడ భర్తతో కలిసి పోటీచేసింది. ఒంటరిగా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఎగిరిన మొదటి స్త్రీ ఆవిడే, 1930లో. ఈ పందెంలో కరాచీ దాకా వాళ్ళదే ముందంజ. ఆ తర్వాత జబల్‌పూర్‌లో విమానానికి తగని పెట్రోలు పోయించుకోవాల్సి వచ్చి ఇంజన్లు పాడై అలహాబాదులోనే ఆగిపోయారు. గెలిచిన ఎర్ర కామెట్ చాలా ఏళ్ళు మరమ్మతుల్లో ఉండి 2014లో మళ్ళీ గాలిలోకి లేచింది.

అన్ని తరాల విమానాలు ఒకేరోజు ఒకే ఆకాశంలో ఎగరటం ఎలా సాధ్యం అన్నది నాకు వచ్చిన పెద్ద సందేహం. 1909 నాటి బ్లెరియో గంటకు 80 కిలోమీటర్ల లోపే పోతుంది, మన ఊరి బస్సు దాన్ని దాటేస్తుంది. రెండో యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ 600కు దగ్గర దగ్గరగా పోతుంది. పోనీ స్పిట్‌ఫైర్‌ని నెమ్మదిగా పొమ్మందామా అంటే, గంటకు నూరు కిలోమీటర్ల లోపు అది గాలిలో నిలవలేదు, రాయిలా పడుతుంది. కాబట్టి ఈ రెండూ పక్కపక్కన ఎగరటం కల్ల. వాటిని వంతులవారీగా పంపుతారు. దగ్గర దగ్గర వయసులవాటిని మాత్రం జంటకడతారు. గ్లాడియేటర్ అనే రెండంతస్తుల రెక్కల విమానం పక్కన హరికేన్, స్పిట్‌ఫైర్ ఎగరాలంటే, ముందు నడిచేది నెమ్మదైనదే. దాని వేగమే అందరి వేగం. బామ్మని తీసుకుని తిరుమల మెట్లెక్కుతున్నప్పుడు కుర్రాళ్ళు ఏం చేస్తారు? ముందుకు ఉరికి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఆవిడ పక్కన నాలుగు మెట్లు ఎక్కి... ఇక్కడా అంతే. పెద్దది తన శక్తికొద్దీ పరుగెత్తుతుంది, చిన్నది ఊపిరి బిగబట్టి నెమ్మదిస్తుంది.

అమెరికా వైమానిక దళంవాళ్ళు 1997 నుంచి దీన్నే పెద్ద ఎత్తున చేస్తున్నారు. పంకా తిరిగే పాత మస్టాంగ్ పక్కన ఇప్పటి జెట్ యుద్ధవిమానం. ఇంగ్లండులో 2015లో స్పిట్‌ఫైర్ పక్కన టైఫూన్ జెట్టును ఎగరేశారు, పాతకాలపు ఆకుపచ్చ, మట్టి రంగులు దానికీ పూసి మరీ! చూడటానికి ముత్తవ్వ, మునిమనవరాలు ఒకే రకం చీర కట్టుకుని ఫొటోకు నిలబడ్డట్టు ఉంటుంది.

అయితే ఇదంతా ముచ్చటే అనుకోకండి. ప్రాణాలతో పని. 2015 ఆగస్టులో ఇంగ్లండులోనే షోరమ్ అనేచోట ప్రదర్శనలో ఉన్న పాత జెట్ విమానం ఒకటి పక్కనున్న రోడ్డుమీద పడి 11 మంది పోయారు. వాళ్ళలో ప్రదర్శన చూడటానికి టిక్కెట్టు కొన్నవాళ్ళు కాదు, దారినపోయేవాళ్ళూ, రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళూ. ఆ తర్వాత పాత జెట్లు నేలమీద గిరికీలు కొట్టకూడదు, తిన్నగా పోవాలి అని అక్కడ కట్టడి చేశారు. 2022 నవంబరు 12న అమెరికాలో డల్లాస్ నగరంలో రెండో యుద్ధం నాటి విమానాలు కలిసి ఎగురుతుండగా ఒక చిన్న యుద్ధవిమానం బి-17 అనే పెద్ద బాంబరును వెనకనుంచి ఢీకొంది. రెండిటిలోనూ ఉన్న ఆరుగురూ పోయారు. ఏ విమానం ఏ ఎత్తులో, ఎంత దూరంలో ఉండాలన్నది ముందుగా సరిగా పథకం వేసుకోకపోవటమే కారణమని విచారణలో తేల్చారు.

అందుకే, ఇంత అపురూపమైనవి అద్దాల గదిలో పెట్టి చూపిస్తే చాలదా, ఎగరేయటం దేనికి అని అడిగేవాళ్ళు అక్కడా ఉన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పోయిన ప్రాణాలు తిరిగిరావు, విరిగిన విమానమూ అంతే. కానీ మీరే చెప్పండి. అమ్మమ్మ ఇచ్చిన పట్టుచీర బీరువా అడుగున ఇరవై ఏళ్ళు మడతపెట్టి ఉంచితే ఏమవుతుంది? ఏ చిరుగూ పడకుండానే మడతల దగ్గర చిట్లిపోతుంది. ఏడాదికోసారి తీసి, గాలికి ఆరేసి, మడత మార్చి, ఏ పెళ్ళికో పేరంటానికో కట్టుకుంటేనే నిలుస్తుంది. అలాగని వర్షంలో కట్టుకుని బజారుకు పోము. ఇంజన్లూ అంతే. తిప్పకపోతే పట్టేస్తాయి. దాన్ని విప్పి బిగించటం తెలిసిన చేతులు కూడా పనిలేకపోతే పని మరిచిపోతాయి. నామటుకు నేను ఎగరటం వైపే ఉన్నాను, కానీ ఓల్డ్ వార్డెన్ వాళ్ళలాగా, గుడ్డగొట్టం కదలనప్పుడే.

మనవైపు సంగతి అడుగుతారేమో. మనకూ ఉన్నాయండీ. 1947 అక్టోబరు 27న మన సిక్కు దళాలను శ్రీనగర్‌లో దింపిన మొదటి డకోటా విమానం నంబరు వి.పి.905. అదే నంబరు వేసి, అటువంటి డకోటాను ఇంగ్లండులో బాగుచేయించి 2018లో మన వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు రాజీవ్ చంద్రశేఖర్. వాళ్ళ నాన్నగారు వైమానిక దళంలో డకోటాలు నడిపినవారు. అక్కడ కొడుకు కోసం తల్లి, ఇక్కడ తండ్రి కోసం కొడుకు. దానికి పరశురామ అని పేరు పెట్టారు. 2021 రిపబ్లిక్ డే నాడు రెండు హెలికాప్టర్ల మధ్య, 2022లో రెండు డోర్నియర్ విమానాల మధ్య ఢిల్లీ ఆకాశంలో నింపాదిగా పోయింది. మీరు టీవీలో చూసే ఉంటారు, ఉప్మా కలుపుతూ.

హైదరాబాదుకు కూడా ఈ విమానాలతో చుట్టరికం ఉంది. రెండో యుద్ధకాలంలో కుర్రాళ్ళకు టైగర్ మాత్ మీద ఎగరటం నేర్పింది బేగంపేటలోనే. 1945లో నిజాం ప్రభుత్వం భాగస్వామ్యంతో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఆ బేగంపేట నుంచే డకోటాలు నడిపింది. ఎన్నో కంపెనీలు ఆడదానికి ఉద్యోగం ఇవ్వం పొమ్మంటే, ప్రేమ్ మాథుర్ అనే అమ్మాయిని పైలటుగా తీసుకుంది ఆ హైదరాబాదు కంపెనీయే. దేశంలో ప్రయాణీకుల విమానం నడిపిన మొదటి మహిళ ఆవిడ. ఆవిడకంటే ముందు, 1936లో, లాహోరులో సరళా ఠక్రాల్ 21 ఏళ్ళ వయసులో, నాలుగేళ్ళ కూతురు ఇంట్లో ఉండగా, చీరకట్టుతోనే మాత్ విమానం ఎక్కి ఒంటరిగా నడిపింది. ఓల్డ్ వార్డెన్‌లో రిచర్డ్ మాత్ దగ్గర నిలబడితే నాకు గుర్తొచ్చింది ఆవిడే. ఆ ఇరుకు గూట్లోకి కుచ్చిళ్ళు సర్దుకుని ఎలా దిగిందో తల్లీ!

రెండోసారి వెళ్ళింది జూన్ నెలలో, సాయంత్రం ప్రదర్శనకు. ఆ నెలలో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. పొద్దువాలేసరికి గాలి పడిపోయింది. గుడ్డగొట్టం తడిబట్టలా వేలాడుతోంది. అప్పుడు నలుగురు మనుషులు బ్లెరియోను చేతులతో తోసుకుంటూ తెచ్చారు. 1909లో ఇంగ్లీషు చానల్‌ని దాటిన విమానం ఉందే, ఆ రకమే, ఆ ఏడాదిదే. ప్రపంచంలో ఇప్పటికీ గాలిలోకి లేవగల విమానాల్లో ఇంతకంటే పాతది లేదని చెప్పారు. చూస్తే సగం సైకిలు, సగం గాలిపటం. వెనక సగానికి బట్ట కూడా లేదు, పక్కటెముకల్లాగా కర్రలు కనిపిస్తున్నాయి. మలుపు తిరగటానికి రెక్కల్నే తాళ్ళతో మెలితిప్పాలి.

మూడు సిలిండర్ల ఇంజను దగ్గింది. పట్పట్పట్ మని అందుకుంది. గడ్డిమీద ఎగిరెగిరి పడుతూ పరుగెత్తింది. వేలమంది జనం, ఒక్కరూ మాట్లాడలేదు. చక్రాలకూ గడ్డికీ మధ్య వెలుతురు కనిపించింది. జానెడు, మూరెడు, మనిషి ఎత్తు. అంతే. వంపు తిరగలేదు, పైకి పోలేదు. తిన్నగా కొంతదూరం అలా గాలిలో జారి, మెల్లగా దిగింది. దాన్ని అంతకంటే ఎగరనివ్వరు. మా మనవడు ఊపిరి వదిలి, అయిపోయిందా అన్నాడు. పక్క కుర్చీ ఆవిడ చప్పట్లు కొడుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను రన్‌వే అవతల చెట్లమధ్య కనిపిస్తున్న ఆ పెద్ద భవంతి కిటికీలవైపు చూశాను.

తరువాత దాన్ని వెనక్కి తోసుకెళ్ళి షెడ్డులో పెట్టారు. ఆ షెడ్లలో విమానాల ముక్కు కింద ఒక్కోచోట రేకు పళ్ళేలు పెట్టి ఉంటాయి, ఆముదం బొట్లు బొట్లుగా కారుతుంటుంది కాబట్టి.

మీ పిల్లలు ఆ దేశంలో ఉంటే, వెళ్ళినప్పుడు లండన్ బొమ్మల మ్యూజియంతోపాటు ఇదీ చూపించమనండి. ప్రదర్శన రోజుల టిక్కెట్లు ముందే తీసుకోవాలి. వీలైతే సాయంత్రం జరిగేదానికి వెళ్ళండి, పాతవి ఎగిరే అవకాశం అప్పుడే ఎక్కువ. జూన్ అయినా సరే శాలువా, మేజోళ్ళు మరవకండి, పొద్దువాలితే చలి వణికిస్తుంది. గడ్డిలో నడవాలి కాబట్టి ఎత్తుమడమల చెప్పులు వద్దు. పులిహోర అయితే చల్లారినా బాగుంటుంది, పెరుగన్నం కారులో పులిసిపోతుంది. షెడ్డులో తిరిగేటప్పుడు పమిట దగ్గరగా పట్టుకోండి. పొరపాటున ఆముదం మరక పడితే రుద్దకండి. టాల్కం పౌడరుగానీ శనగపిండిగానీ మందంగా చల్లి రాత్రంతా ఉంచి, తెల్లారి దులిపేసి నూలుబట్టయితే సబ్బుతో, పట్టయితే కుంకుడురసంతో ఉతకండి. పోతుంది.